రామలచ్చమ్మ రొట్టెల బండి

మక్తల్‌కు కొత్తగా వచ్చిన సర్వేయర్ జనార్దన్, రామలచ్చమ్మ కేకలకు జడిసి నెల రోజులు ఆమె జొన్నరొట్టెల బండి దరికి పోలేదు. ఆ మధ్యాహ్నం ఆకలికి తెగించి వెళ్లి నిలబడ్డాడు.

"ఇప్పుడా వచ్చేది? పళ్లాలు కడుగు!" అని అరిచిందామె.

చొక్కా చేతులు మడిచి కడిగాడు. ఉల్లిగడ్డలు కోశాడు, రొట్టెలు పంచాడు. గంట తర్వాత చేతులు తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నేను తిననీకె వచ్చిన."

"అయ్యో సారూ! పనికి మనిషిని పంపుతనన్నడు మా తమ్ముడు. నువ్వే అనుకుంటి. కూసో!" అంటూ వేడి రొట్టె, కారం చేతిలో పెట్టింది.

మొదటి ముక్క నమిలాడో లేదో, "ఓ తమ్మీ, ఇంకో రొట్టె!" అన్నాడు వెనక కూర్చుని తింటున్న ఒకాయన. జనార్దన్ లేవబోయాడు.

"సారు తింటాండు, కండ్లు కనవడ్తలేవా? నువ్వే లేచి తెచ్చుకో!" బజారంతా వినబడేలా అరిచింది రామలచ్చమ్మ.

జనార్దన్ నిమ్మళంగా కూర్చుని, ఇంకొంచెం కారం అడిగాడు.