వంకర కుట్లు

"నెమలి వద్దంటే వద్దు!" లూదియమ్మ కంప్యూటర్ తెర మీంచి ముఖం తిప్పేసుకుంది. "పడుకునే బొంత మీద నెమలేందప్పా? పసిబిడ్డకు ముక్కు గుచ్చుకోదూ?"

హరీష్ నవ్వాడు. నంద్యాలలో మిషన్ మీద బొంతలు కుట్టిచ్చే షాపు అతనిది. వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు. తామరపువ్వు చూపిస్తే ఎబ్బే అంది. అలలు చూపిస్తే కండ్లు తిరుగుతాండాయంది.

"పోనీ, లోపల ఏం పెట్టమంటావ్ పెద్దమ్మా? ఫైబర్ పెడితే తేలిగ్గా, మెత్తగా ఉంటాది."

"అది తీసుకుపోయి మీ సోఫాలో పెట్టుకో. నా మనవరాలి బిడ్డకప్పా ఇది! నా పాత నూలు చీరలు ఉతికి, ఎండబెట్టి తెచ్చినా. లోపల అవే పెట్టల్ల."

"ఇంత తెలిసినదానివి చేత్తోనే కుట్టుకోవచ్చు కదా!"

ఆ మాటకు లూదియమ్మ చప్పున చల్లబడిపోయింది. బొంత ఒక్కరు కుట్టేది కాదు. ఆళ్లగడ్డలో ఉన్నన్నాళ్లూ వసారాలో చీరలు పరిచి ఈ అంచున తను, ఆ అంచున పక్కింటి జయలక్ష్మమ్మ కూర్చునేవాళ్లు. ఎవరి సగం వాళ్లు కుట్టుకుంటూ, ఊళ్లో వాళ్లందరి సంగతులూ తిరగేసుకుంటూ జరిగేవాళ్లు. నడిమికి వచ్చేసరికి ఇద్దరి మోకాళ్లూ తగిలేవి.

"తోడుండేదప్పా. నేనే చెడగొట్టుకున్నా," అంది. "ఆఖరి బొంతలో ఆమె సగమంతా వంకర కుట్లే. ఒకటి ఈడ, ఒకటి ఆడ. నా నోరు ఊరుకుంటాదా? ‘ఏంది జయమ్మా, మనసు యాడ పెట్టి కుట్టినావ్?’ అని, ఆమె ముందరే ఆ సగం చరచరా ఇప్పి మళ్లీ కుట్టినా. ఆమె సూదిపెట్టె తీసుకుని లేచిపోయింది. మళ్లీ నా గడప తొక్కలేదు."

"నువ్వన్నా పోవల్సింది."

"పోవల్సిందే. ప్రభువా, ఏం పొగరు నాది!"

ఆ తర్వాత కొన్నాళ్లకే కొడుకు కాపురం నంద్యాలకు మారితే ఆమె వెంట వచ్చేసింది. ఆళ్లగడ్డ వాళ్లెవరైనా ఫోన్‌లో జయమ్మ పేరెత్తితే టక్కున పెట్టేసేది. పెట్టేసి, ఆ పూటంతా అన్నం సహించక కూర్చునేది. ఆ సంగతి మాత్రం ఒక్కరికీ తెలియనిచ్చేది కాదు మహాతల్లి!

హరీష్ ఇంకో డిజైన్ తెరిచాడు. "ఇది చూడు. అచ్చం చేతికుట్టు మాదిరే ఉంటాది."

లూదియమ్మ అద్దాలు సర్దుకుని వంగింది. తిన్నగా సాగే కుట్ల వరస. మధ్యమధ్యలో రెండు కుట్లు పక్కపక్కనే జంటగా. ఆ జంటకుట్టు వాళ్లమ్మ నేర్పింది. తను తప్ప ఆళ్లగడ్డలో ఇంకెవరూ అలా వేయరు.

"ఇది నా కుట్టు! యాడిది నీకు?"

"పోయిన నెల ఆళ్లగడ్డ నుంచి ఒకామె వచ్చింది పెద్దమ్మా. పాత బొంతొకటి తెచ్చి, దాంట్లో ఒక సగం చూపించి, ఈ కుట్టే కావల్లని పట్టుబట్టింది. అది చూసే కంప్యూటర్లో ఎక్కించినా. జయలక్ష్మమ్మ అనే చెప్పినట్టుండాది పేరు."

"ఓసి దీని ఇల్లు బంగారంగానూ! నాతో మాటల్లేవు గానీ నా కుట్టు కావల్సొచ్చిందా!"

కోపంగానే అనబోయింది గానీ గొంతులో సంతోషం దాగలేదు. గబగబా చీరలన్నీ మళ్లీ మూట కట్టేసింది.

"మిషన్ వద్దులే అప్పా. రేపే ఆళ్లగడ్డ బస్సెక్కుతా. ఆ అంచున ఆమెనే కూర్చోబెడతా. ఈసారి ఎంత వంకర పోయినా నోరెత్తితే ఒట్టు!"

హరీష్ తెర మీది డిజైన్ మూసేశాడు.

లూదియమ్మ మూట చంకన పెట్టుకుని లేచింది. "అయినా ఇన్ని పూలు, ఇన్ని నెమళ్లు చూపించింటావే, ఒక్కటీ నచ్చలేదా ఆమెకు?"

"చూపిచ్చేది యాడ పెద్దమ్మా! కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వేళ్లకు తెలియల్లని లావు దారం ఎయ్యమనింది. ‘నా కుట్లు వంకరని లూదక్క ఇప్పేదాకా, నా కండ్లు పోతాండాయని నాకే తెలియలేదు నాయనా’ అనింది."