చేరిన తేదీ

"మీకు ముప్పై శాతం పెంచుతాం. కొత్తవాళ్ళకు సగం కోస్తాం. ఇంక బేరాల్లేవు," అంటూ మేనేజరు ఒప్పందం కాగితాన్ని బల్ల మీద ఇటువైపు తోశాడు.

పైలట్ల సంఘం అధ్యక్షుడైన కెప్టెన్ కళ్ళద్దాలు సవరించుకుని ఆ ముప్పై దగ్గరే ఆగిపోయాడు. ఎన్నేళ్ళుగానో జీతం పెరగలేదు. నష్టాలంటూ ఒకసారి, ఇంధనం ధరంటూ ఇంకోసారి కంపెనీ అతని చెవిలో పువ్వులు పెడుతూనే వచ్చింది. నాలుగేళ్ళలో రిటైరైపోతాడు. ఆ నాలుగేళ్ళయినా నిండు జీతం కళ్ళజూడాలని అతని ఆశ. పిలిచి ఇస్తామంటుంటే కాదనడానికి అతనికేమైనా పిచ్చా?

పక్కనున్న కో-పైలట్ మాత్రం కాగితం మీద నుంచి తలెత్తలేదు. కమిటీలో అందరికంటే చిన్నది. మొదలుపెడితే ఆగదని ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. చర్చలకు ఈమెను తీసుకురావడమంటే పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమేనని కెప్టెన్ పొద్దున్నే గొణిగాడు.

"వచ్చే నెల ఒకటో తారీఖున గానీ, ఆ తర్వాత గానీ కంపెనీలో చేరే ప్రతి పైలటుకూ ఐదేళ్ళు సగం జీతమే అని రాశారు," అంది రేడియో. "వేరేచోట ఇరవై ఏళ్ళు విమానం నడిపి వచ్చినవాడికి కూడానా?"

"మా దగ్గర కొత్తవాడేగా అమ్మా. అనుభవం కాదు, చేరిన తేదీయే లెక్క. ఆ రూలు మేం పెట్టింది కాదు, మీ సంఘం పోట్లాడి సాధించుకున్నదే," అన్నాడు మేనేజరు.

"నేనే రాశాను," అన్నాడు కెప్టెన్. మీసం మెలేయడం ఒక్కటే తక్కువ.

నిజమే. పైలట్లలో వయసూ, అనుభవమూ ఏవీ చెల్లవు. ముందు చేరినవాడు పెద్ద, తర్వాత చేరినవాడు చిన్న. జీతం, సెలవు, మంచి రూటు అన్నీ ఆ వరసలోనే. కంపెనీ మారితే ఎంతటి మొనగాడైనా మళ్ళీ అట్టడుగు నుంచి రావాల్సిందే.

"ఉన్నట్టుండి వీళ్ళకు డబ్బెక్కడిది సార్?" అని రేడియో గొంతు తగ్గించి అడిగింది. "కిటికీలోంచి కిందకి చూడండి. విమానాలకు కొత్త రంగులు కూడా వేయిస్తున్నారు."

"డబ్బుంది కాబట్టే వేయిస్తున్నారు. పిలిచి పిల్లనిస్తానంటే కులం తక్కువన్నాడట, నీలాంటివాడే ఎవడో."

"మరి కొత్తగా వచ్చేవాళ్ళ గతి?"

"వాళ్ళకు సంఘంలో ఓటుందా? బయట ఉన్నవాళ్ళ కోసం మనవాళ్ళ నోటికాడి ముద్ద తీసేయమంటావా?"

టీ తాగడానికి లేచినప్పుడు కెప్టెన్ మేనేజరును వరండా చివరికి తీసుకెళ్ళాడు. లోపల గంభీరంగా మోగిన గొంతు అక్కడ మెత్తబడిపోయింది.

"మా అమ్మాయి మీ దగ్గరే పైలటుగా ఎంపికైంది. ఐదో తారీఖున చేరాలి. ఒక వారం ముందే చేర్చుకుంటే..."

మేనేజరు ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. "దానిదేముంది కెప్టెన్ గారూ. ముప్పయ్యో తారీఖున వచ్చేయమనండి."

వెనక్కి తిరిగేసరికి టీ కప్పుతో రేడియో నిలబడి ఉంది.

"మీ పిల్లను గట్టెక్కించుకుని, పరాయి పిల్లలను ఏట్లో వదిలేశారన్నమాట."

"కన్నవాణ్ణి. నువ్వూ కంటే తెలుస్తుంది," అని కసిరాడు గానీ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. సిగ్గేసింది. సిగ్గేసినా లోపలికి వెళ్ళి సరేనన్నాడు.

మర్నాడు సంఘం సమావేశంలో వద్దని లేచిన చెయ్యి రేడియోది ఒక్కటే. మిగతావాళ్ళంతా కెప్టెన్ భుజం తట్టి, ఉంటే నీలాంటి నాయకుడుండాలన్నారు. అతను సంతకం పెట్టేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు కొత్త యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

"నా బ్యాచ్ అంతా ఐదునే చేరుతోంది నాన్నా. నేనొక్కదాన్నే ముందెందుకు?"

"అదృష్టం."

"వాళ్ళకు సగం జీతమట. ఒప్పుకున్నది మీరేనట. ఏ మొహం పెట్టుకుని వాళ్ళతో కలిసి పని చెయ్యను?"

"మొదటి జీతం చేతికొస్తే మొహం అదే వస్తుంది. ఎవరి పిల్లలను వాళ్ళు చూసుకోవాలి. లోకం తీరే అంత."

ఆమె ఇస్త్రీ పెట్టె ఆపేసి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ పూట తండ్రితో కలిసి భోంచేయలేదు.

అయినా ముప్పయ్యో తారీఖున వెళ్ళి చేరింది. మర్నాడు, నెలాఖరు సాయంత్రం, పైలట్లందరినీ విమానాలు నిలిపే హ్యాంగర్‌కు పిలిచారు. మేనేజరు పక్కన సూటు వేసుకున్న కొత్తాయన ఒకరు నిలబడి ఉన్నారు.

"మన కంపెనీని వీరు కొనుక్కున్నారు. రేపటి నుంచి విమానాలు వీరి కంపెనీ పేరుతో ఎగురుతాయి," అన్నాడు మేనేజరు. "ఎవరూ కంగారుపడొద్దు. ఒక్క ఉద్యోగం కూడా పోదు."

అందరూ ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. కెప్టెన్ లేచాడు.

"మేం చేసుకున్న ఒప్పందం మాటేమిటి?"

"అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తారు. అసలు దాన్ని చూశాకే కొన్నారు."

కెప్టెన్ ఛాతీ పొంగింది. ఇప్పుడేమంటావన్నట్టు రేడియో వైపు తిరిగాడు. ఆమె మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"మరి మా పాత సర్వీసు?" అంది రేడియో.

"అది పాత కంపెనీతోనే, ఈ రాత్రితో సరి," అని మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"ఒకటో తారీఖున మీరంతా కొత్తగా చేరుతున్నారు."