సంఘం ఎవరికి పనికొచ్చినట్టు?

తాబేలుకు ఓ పట్టాన అర్థం కాని సంగతి ఒకటుంది. కొండెక్కే జీవాలన్నిటికీ కలిపి ఒక సంఘం ఎందుకు? బండలెక్కే మేకలూ అందులోనే, బాట పట్టి నడిచే తాబేళ్లూ అందులోనే. ఎవరి కాళ్లు వాళ్లకున్నాయి కదా!

ఓ ఉదయం ముళ్లపంది కాలిబాటకు అడ్డంగా ముళ్లకంప వేసి కూర్చుంది. "మేకల కాళ్ల కింద దొర్లే రాళ్లన్నీ నా బొరియ మీదే పడుతున్నాయి. పిల్లల తల్లిని. ఇక ఈ కొండ ఎవరూ ఎక్కడానికి వీల్లేదు," అంది.

సంఘం పెద్ద కొండమేక వచ్చింది. ఒక్క గెంతులో కంప దాటగలదు, కానీ దాటలేదు. ముళ్లపంది ఎదుట కూలబడి పొద్దు వాలేదాకా మాట్లాడుతూనే ఉంది.

"మేకక్కా, నువ్వు దూకి పోవచ్చుగా?" అని తాబేలు అడిగింది.

"నేను పోతే నీ సంగతో?"

తాబేలుకు బుర్ర గిర్రున తిరిగింది. నా సంగతికీ ఈమె దూకడానికీ ఏమిటి సంబంధం?

చివరికి ముళ్లపంది కంప పక్కకు లాగింది. "బాటన నడిచేవాళ్లు నడవండి. మేకలు మాత్రం నా పిల్లలు పెద్దయ్యేదాకా వెనకవైపు నుంచి చుట్టి పోవాలి. ఒప్పుకున్న మాట మరిచిపోకు," అంది. మేక తలూపింది.

మర్నాడు తాబేలు తాపీగా నడిచి శిఖరం చేరింది. అక్కడ ఒక్క మేకా లేదు! ఎంతో సేపటికి కొండంతా చుట్టి, రొప్పుకుంటూ వచ్చాయి.

తాబేలుకు అంతా అయోమయం. "నడిచిందేమో నేను. మీరేమో నాకంటే వెనక. మరి ఈ సంఘం ఎవరికి పనికొచ్చినట్టు, మేకక్కా?"

మేక ఊపిరి తీసుకుని, "కాస్త జరుగు తల్లీ, కూర్చోనీ," అంది.