ఇంజిన్ లైటు

పొద్దున పదకొండింటికి మెకానిక్ చెల్లెలు కొత్తగా కొన్న పాత కారును అన్నయ్య షెడ్డుకు తెచ్చింది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతోంది.

"ఇంటికొచ్చి వారం కాలేదు, అప్పుడే అలిగింది. నీ మిషన్ పెట్టి చూడన్నయ్యా."

అతను స్కానర్ తీగతో స్టీరింగ్ కిందికి వంగాడు. విరిగిన సాకెట్‌ను ఎవరో పచ్చ టేపుతో కట్టారు. ఆ టేపు చుట్ట అతని బల్ల మీదే ఉంది.

స్కానర్ గుచ్చాడు. ఒక సిలిండర్ సరిగా మండటం లేదన్న కోడ్ వచ్చింది. కిందటి నెల ఒక కార్ల బ్రోకర్ ఈ బండినే తెచ్చినప్పుడూ అదే కోడ్. బ్రోకర్ బతిమాలితే దాన్ని చెరిపేసి, లైటు ఆర్పి పంపాడు.

"ఎవరికీ చూపించకుండానే కొన్నారా?"

"నువ్వే చూశావని బ్రోకర్ చెప్పాడుగా! సొంత అన్నయ్య చూశాక ఇంకెవరికి చూపిస్తాం?"

"నాకో ఫోన్ చేయొచ్చుగా?"

"మళ్ళీ అడిగితే నిన్ను నమ్మనట్టుంటుందని చేయలేదు."

అతను కోడ్ మరోసారి చదివాడు. బానెట్ ఎత్తి, ఆ సిలిండర్‌లో ఒత్తిడి కొలిచాడు.

"ఇంజిన్ లోపలంతా అరిగిపోయిందమ్మా. మార్చాల్సిందే."

"ఉన్నదంతా ఊడ్చి దీంట్లో పోశాం. టాక్సీ తిప్పుకుందామని ఆయన ఉద్యోగం కూడా మానేశారు."

ఆమె కాసేపు స్కానర్ తెర వైపు చూసింది.

"పోనీ, ఆ లైటొక్కటీ ఆర్పెయ్. ఎవరికో ఒకరికి అంటగట్టేస్తాం."

"కొనేవాళ్ళు అడగరా?"

"నువ్వు చూశావని చెప్తాం."

అతను బటన్ నొక్కాడు. లైటు ఆరింది.