ముందు లేచినవాడి చొక్కా

హాస్టల్ గదిలో ఇద్దరుంటే లాభమేమిటంటే, చొక్కాలు రెట్టింపవుతాయి. నష్టమేమిటంటే, ముందు లేచినవాడే మంచిది వేసుకుంటాడు. నా రూమ్మేటు రోజూ ముందే లేచే మహానుభావుడు. పోవడంలోనూ వాడికి తొందరే. జ్వరమొచ్చి ఇట్టే పోయాడు.

వారానికి వాళ్ల నాన్న సామాను కోసం వచ్చారు.

“వీటిలో మావాడివేవి బాబూ?” అన్నారు, దండెం ముందు నిలబడి.

ఏది ఎవరిదో మాకే తెలిసి చస్తేగా! నేను తడబడుతుండగానే ఆయన నీలం గళ్ల చొక్కా తీసి ముఖానికి అదుముకున్నారు.

అదొక్కటి మాత్రం కచ్చితంగా నాది. మా అక్క ఉద్యోగంలో చేరగానే కొనిపెట్టింది. ఉతికి ఎన్నాళ్లయిందో చెబితే పరువు పోతుంది.

“వాడిదే బాబాయ్, తీసుకెళ్లండి” అన్నాను.

ఆయన దాన్ని మడతపెట్టి సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకున్నారు. గుమ్మం దాటబోతూ ఆగారు.

“నీదని తెలుసు నాన్నా, అడగడానికి నోరు రాలేదు. సెలవులకు ఎప్పుడొచ్చినా వాడు ఇదే వేసుకొచ్చేవాడు. ‘మళ్లీ వాడి చొక్కాయేనా, సిగ్గులేదట్రా?’ అని వాళ్లమ్మ తిట్టేది. ఇప్పుడు తెమ్మన్నది ఇదొక్కటే.”