కుక్క కరిచినవారికి ఉచితం

ఆ తేదీ మెకానిక్‌కి ఎప్పటికీ గుర్తే. మార్చి పద్నాలుగు. ఆ మధ్యాహ్నం రెండు ఉడికించిన గుడ్లు, ఒక బన్ను తిన్నాడు. గంట తిరక్కుండానే అతని పిక్క ఒక నల్లకుక్క నోట్లో ఉంది.

పన్నొకటి విరిగి కండలోనే ఉండిపోయింది. దగ్గర్లో రెండు ఆస్పత్రులున్నా, బస్సెక్కి పక్క ఊరి డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన పన్ను తీసి, దూదిలో చుట్టి, జ్ఞాపకంగా ఉంచుకోమని నవ్వుతూ చేతికిచ్చాడు. అతను నిజంగానే ఉంచుకున్నాడు. చొక్కా జేబులో, చిన్న మాత్రల డబ్బాలో, మూడేళ్ళుగా.

గాయం మానింది గాని కుంటు పోలేదు. ఫ్రిజ్‌ని వీపున వేసుకుని మూడంతస్తులు ఎక్కిన మనిషి, ఇప్పుడు కూర్చుని ఇస్త్రీపెట్టెలు బాగుచేసుకుంటున్నాడు. వీధిలో పిల్లలు అతని వెనకే అతని నడక నడిచి నవ్వుకుంటారు. ఆ నవ్వు చెవిన పడ్డప్పుడల్లా జేబు తడుముకుంటాడు. ఆ కుక్క చావాలి. తన చేతుల మీదుగానే చావాలి. అది బతికున్నంత కాలం తనకు కంటి నిండా నిద్ర లేదు.

పురుగుల మందు కొనడం తేలికే. కష్టమల్లా దగ్గరికి వెళ్ళడమే. కుక్క ఉన్న ఆ ఇంటి దాకా మూడుసార్లు వెళ్ళాడు. లోపల మొరుగు వినపడగానే కాళ్ళు చచ్చుబడి వెనక్కి తిరిగాడు. మూడోసారి, పడిపోకుండా పట్టుకున్న కరెంటు స్తంభం మీద ఒక కాగితం కనిపించింది. ‘కుక్క కరిచినవారికి ఉచితం. భయం పోగొట్టే తరగతులు. సాయంత్రం ఆరు నుంచి ఏడు.’

రెండు వీధుల అవతల, మూతపడ్డ కుట్టుమిషన్ల షాపులో ఆ తరగతులు. మాస్టారికి అరవై దాటి ఉంటాయి. బక్కపల్చటి మనిషి, మాట మెత్తన. భార్య పోయినప్పటి నుంచీ ఇదే ఆయన కాలక్షేపమని తరగతికి వచ్చే పాలవ్యాన్ డ్రైవర్ ఒకడు చెవిలో చెప్పాడు. మొదటి రోజే మెకానిక్ కుంటు చూసి, ఏమీ అడక్కుండా, చేతులున్న కుర్చీ తెచ్చి వేశారు. బిస్కెట్ల పళ్ళెం అందేంత దూరంలో పెట్టి, తను అవతలికి పోయి ఓరగా కూర్చున్నారు. కళ్ళలోకి చూడనే లేదు. ఇంతమందిలో తన కాలి సంగతి కూపీ లాగని మనిషిని మెకానిక్ చూడటం అదే మొదలు.

నేర్పడానికి ఒక గోధుమరంగు ఆడకుక్క ఉండేది. మొదటి వారం అది గది ఆ చివర, వీళ్ళు ఈ చివర. రోజుకో అడుగు జరగడమే పాఠం. తోక ఊపినంత మాత్రాన స్నేహం కాదనీ, ఊరికే ఆవలించినా, మూతి నాక్కున్నా బెదిరిందని అర్థమనీ మాస్టారు చెప్పారు. బెదిరినదాని మీదికి మనం పోకూడదు. పక్కకు తిరిగి కూర్చోవాలి. తినేదేదో పెట్టి ఊరుకోవాలి. ఎన్నాళ్ళయినా సరే, దాని కాళ్ళతో అదే రావాలి.

గుర్రుమంటే నాలుగు తగిలించాలి కదా అన్నాడు డ్రైవర్. తన పిక్కలంటే ఊళ్ళో కుక్కలన్నిటికీ విందు భోజనమట.

“తగిలిస్తే గుర్రుమనడం మానేస్తుంది నాయనా,” అన్నారు మాస్టారు. “ఈసారి చప్పుడు చేయకుండా కరుస్తుంది.”

ఎవరి కథ వాళ్ళు చెప్పుకున్న రోజున మెకానిక్ కూడా చెప్పాడు. ఫ్రిజ్ బాగుచేయడానికి ఒకరింటికి వెళ్తే, కారణం లేకుండా మీద పడిందన్నాడు.

“కారణం లేకుండా కుక్క కరవదు బాబూ,” అని, మాస్టారు బిస్కెట్ల పళ్ళెం ఇంకాస్త దగ్గరికి జరిపారు. అంతకుమించి ఒక్క ప్రశ్న వేయలేదు.

నలభయ్యో రోజు, ఆ ఆడకుక్క తనంతట తనే వచ్చి మెకానిక్ అరచేతిలో గడ్డం ఆనించింది. వెచ్చగా, బరువుగా ఉంది. అతను దాని చెవుల మధ్య నిమిరాడు. ఒక్క క్షణమే. కుర్చీ కింద సంచిలో మాంసం ముక్కలున్నాయి, మందు కలిపినవి. ఇవాళ ఇటునుంచి ఇటే ఆ ఇంటికి.

అందరూ వెళ్ళిపోయాక మాస్టారు కుర్చీలు గోడకు చేరుస్తున్నారు.

“భయం పోయినట్టేనా బాబూ?”

“పోయింది మాస్టారూ. మీ పుణ్యమే.” సంతోషం ఆపుకోలేక మెకానిక్ జేబులోంచి డబ్బా తీశాడు. “ఇదిగో, నన్ను కరిచినదాని పన్ను. ఇన్నాళ్ళూ దీన్ని చూసుకునే బతికాను.”

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పన్నును అరచేతిలో వేసుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశారు. అప్పుడు మొదటిసారి అతని కళ్ళలోకి సూటిగా చూశారు.

“ఒక్క నిమిషం కూర్చో. ఇంట్లో ఒంటరిగా వదలలేక రోజూ వెంట తెచ్చుకునేది ఇంకొకటుంది.”

ఎప్పుడూ మూసి ఉండే వెనకగది తలుపు తీశారు. మూతి నెరిసిన నల్లకుక్క ఒకటి మెల్లగా బయటికి వచ్చింది. మెకానిక్‌ని చూసి ఆగిపోయింది. మొరగలేదు. గుర్రుమననూ లేదు.

మాస్టారు దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో పైపెదవి ఎత్తి, ఎడమవైపు విరిగిన మొండి దగ్గర పన్నును ఆనించి చూశారు. సరిగ్గా అతికింది.

“మూడేళ్ళ కిందట మా ఇంట్లో దొంగతనానికి దూరి, మా ఆవిణ్ణి మెట్ల మీంచి తోసి చంపింది ఎవరో దీనికొక్కదానికే తెలుసు బాబూ,” అని, మాస్టారు లేచి వెళ్ళి, వీధి తలుపు చప్పుడు కాకుండా మూసి, ఆ రాత్రికి గడియ పెట్టారు.