బ్రౌన్స్ ఊరు విడిచిన రోజు

“నీ బ్రౌన్స్‌ని అమ్మేశార్రా,” అంటూ హెర్మన్ పత్రికను తమ్ముడి ముఖానికి అడ్డంగా పట్టాడు. “బాల్టిమోర్ వాళ్ళు కొనుక్కున్నారట. పాత ఇనుము కొనేవాళ్ళు ఎక్కడైనా ఉంటార్లే.”

సెలూన్‌లో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఎర్విన్ పత్రిక పక్కకు జరిగేదాకా ఆగి, కుర్చీలోని ముసలాయన గడ్డం మళ్ళీ గీయసాగాడు.

సెయింట్ లూయిస్‌లో బేస్‌బాల్ జట్లు రెండు, మైదానం ఒకటే. అందులో కార్డినల్స్ గెలిచేవారు, బ్రౌన్స్ ఓడేవారు. హెర్మన్ కార్డినల్స్ మనిషి. సెలూన్ కూడా అతనిదే. ఎర్విన్ రెండో కుర్చీ దగ్గర జీతానికి పనిచేసేవాడు. తన అద్దం మీద బ్రౌన్స్ జెండా కట్టుకున్నందుకు అన్న చేత తిట్లు తినని పూట లేదు.

ఆ రోజు హెర్మన్‌కు పూనకం వచ్చినట్టయింది. బ్రౌన్స్ చరిత్రంతా తవ్విపోశాడు. జనం రాకపోతే మరుగుజ్జు చేతికి బ్యాటిచ్చి నిలబెట్టిన సర్కస్ కంపెనీ అన్నాడు. పుట్టాక ఒకే ఒక్కసారి దేశం మొత్తానికి విజేతను తేల్చే పెద్ద పోటీ దాకా వచ్చి, అక్కడా కార్డినల్స్ చేతిలోనే చచ్చారన్నాడు. మొన్నటి ఆఖరి ఆటకు మనుషులకన్నా ఖాళీ కుర్చీలే ఎక్కువ వచ్చాయన్నాడు.

“ఆ మసిగుడ్డ దించు. ఊళ్ళో ఇక ఒకటే జట్టు. దించకపోతే నీ కుర్చీని కూడా బాల్టిమోర్‌కే పంపిస్తా.”

ఎర్విన్ కత్తి తుడిచి పెట్టి, స్టూలెక్కి జెండా విప్పి మడిచాడు. హెర్మన్‌కు అదీ చాలలేదు. కార్డినల్స్ వాణ్ణని అందరూ వినేలా చెప్పమన్నాడు.

“నేను కార్డినల్స్ వాణ్ణి,” అన్నాడు ఎర్విన్.

అప్పుడే హెర్మన్‌కు సూప్ పట్టుకొచ్చిన అతని భార్య అల్మా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. మరిది మీద జాలి కాబోలనుకున్నాడు హెర్మన్. ఇలాంటి చచ్చుదద్దమ్మ మీద జాలేమిటని ఆమెనూ కసిరాడు. వచ్చినవాళ్ళందరినీ వెంటేసుకుని ఎదురుగా ఉన్న బీరు దుకాణానికి పండగ చేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

అల్మా సూప్ గిన్నె బల్లమీద పెట్టింది.

“జెండా ఎందుకు దించావు ఎర్విన్? ఆయన కోపమంతా ఇక్కడ నీ మీదే తీర్చుకుని ఇంటికి నవ్వుతూ వచ్చేవాడు. నా మీద చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో. రేపట్నించి...”

మాట పూర్తిచేయలేక చొక్కా చేతుల్ని మణికట్టు దాకా లాక్కుంది.

ఎర్విన్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“భయపడకు వదినా. చికాగోలో ఒక జట్టుందట, అన్నయ్యకు వాళ్ళంటే ఇంతకన్నా మంట. రేపు పొద్దున్నే వాళ్ళ జెండా కట్టేస్తా. ఏ జట్టయితేనేం, నాకీ ఆట మొదటినుంచీ ఒక్క ముక్క అర్థమైతేగా.”